టొరాజా చావింటికి వెళ్ళేవారికి పెడసరపు సలహాలు

ముక్కూ మొహం తెలియనివాళ్ళ చావుకి, పిలవకపోయినా వెళ్ళండి. ఇండోనేషియాలో, దక్షిణ సులవెసి కొండల్లో ఉండే టొరాజాల అంత్యక్రియలు చూడాలనుకునే మనవాళ్ళు అందరూ అడిగే మాట ఒకటే: పరాయివాళ్ళ దుఃఖాన్ని టూరు కట్టి చూడ్డం తప్పు కాదా అని. చూడ్డానికే వెళ్తే తప్పే. పలకరించడానికి వెళ్తే ఏ తప్పూ లేదు. చావుకి పిలుపు అక్కర్లేదన్న మర్యాద మనకి ఉంది, వాళ్ళకీ ఉంది. వచ్చిన జనాన్ని బట్టి పోయినవారి గౌరవం లెక్కకట్టే చోట, దూరదేశం నుంచి వచ్చిన మనిషిని ఇంటివాళ్ళు ఆదరంగానే కూర్చోబెడతారు. "దూరంగా నిలబడండి, ఎవరికీ అడ్డం రాకండి" అని టూరువాళ్ళు చెప్పే జాగ్రత్తని పట్టించుకోకండి. చావింట్లో ఓ మూల నిలబడి ఊరికే చూస్తూ ఉండే మనిషి కంటే ఇబ్బంది పెట్టేవాడు ఉండడు. వెళ్ళండి, ఇంటిపెద్దకి నమస్కారం పెట్టండి, చూపించిన చోట చాప మీద కూర్చోండి.

తేదీ ఖాయం చేసుకుని బయల్దేరకండి. "ఫలానా రోజున అంత్యక్రియలు గ్యారంటీ" అనే ఏజెంటుకి అడ్వాన్సు అసలే ఇవ్వకండి. టొరాజాల లెక్కలో ఊపిరి ఆగడం వేరు, చనిపోవడం వేరు. ఊపిరి ఆగిన మనిషిని ఇంట్లోనే పడుకోబెడతారు. ఆ మనిషి పేరు "తో మకులా", అంటే జబ్బుతో ఉన్నవాడు. పూటపూటా అన్నం పెడతారు, కాఫీ పెడతారు, సిగరెట్లు అలవాటున్న పెద్దాయనైతే అవీ పక్కన పెడతారు, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ చెప్పి వెళ్తారు. వెనకటికి ఆకులూ మూలికలూ వాడేవారు, ఇప్పుడు ఫార్మలిన్ ఇంజెక్షన్ చేయిస్తున్నారు. ఇలా నెలలు గడవచ్చు, ఏళ్ళూ గడవచ్చు. డబ్బు కూడాలి, వలసపోయిన పిల్లలందరికీ సెలవు దొరకాలి, అన్నదమ్ములు ఒక మాట మీదికి రావాలి. అంత్యక్రియల్లో మొదటి దున్న నేలకి ఒరిగినప్పుడే ఆ మనిషి పోయినట్టు. కాబట్టి తేదీ పెట్టేది బంధువులు, మీ ఏజెంటు కాదు. వానలు తగ్గిన జులై, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో ఎక్కువ జరుగుతాయి, క్రిస్మస్ సెలవుల్లోనూ కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో మకస్సర్ దాకా విమానంలో వెళ్ళి, అక్కణ్ణించి రాత్రి బస్సులో సుమారు 300 కిలోమీటర్లు కొండల్లోకి ప్రయాణించి రాంతెపావోలో దిగండి. ఏ ఊళ్ళో ఎవరింట్లో ఏం జరగబోతోందో అక్కడి కాఫీ కొట్లలో కూర్చున్న గైడ్లకి తెలుసు. రెండు రోజులు ఏమీ దొరక్కపోతే కొండలూ వరిమళ్ళూ చూస్తూ ఉండండి. చావుని మీ సెలవులకి తగ్గట్టు జరపమని ఎవరినీ అడగలేం కదా.

సిగరెట్లు కొనుక్కెళ్ళండి. ఒక పెద్ద పెట్టె, దానితో పాటు రెండు కిలోల పంచదార, కాఫీపొడి. ఆరోగ్యం గురించి ఉపన్యాసం ఆ ఒక్కరోజుకి పక్కన పెట్టండి. వందలమందికి రోజుల తరబడి కాఫీలు అందించాల్సిన ఇంటికి పంచదార నిజంగా ఉపయోగపడుతుంది, వచ్చిన మగవాళ్ళకి సిగరెట్టు ఇవ్వడం అక్కడి మర్యాద. ఇచ్చేటప్పుడు గైడుని ముందు పెట్టుకుని ఇంటివాళ్ళ చేతికే ఇవ్వండి. బట్టలు మాత్రం నలుపు. మనం దినానికి తెలుపు కట్టి అలవాటుపడ్డవాళ్ళం కాబట్టి సర్దుకునేటప్పుడే గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఖర్చు ఎంతైందని అడగండి. మన చావిళ్ళల్లో నోట రాకూడని ప్రశ్న ఇది. అక్కడ మాత్రం దీన్ని వదిలేస్తే మిగతాదేదీ అర్థం కాదు. అంత్యక్రియలు జరిగే మైదానం చుట్టూ వెదురుతో, ఎర్రగుడ్డలతో కట్టిన తాత్కాలికపు పందిళ్ళు ఉంటాయి. ఒక్కో బంధువర్గమూ నల్లబట్టల్లో వరస కట్టి నెమ్మదిగా లోపలికి వస్తుంది. వెనకాల పందిని నాలుగు కాళ్ళూ కట్టి, వెదురుబొంగులకి బిగించి, మోసుకొస్తారు. మధ్యలో దించుతారు. అది అరుస్తూ ఉండగానే మైకులో ఆ కుటుంబం పేరు చదువుతారు. ఓ పక్కన బల్ల వేసుకున్న మనిషి పుస్తకంలో రాసుకుంటూ ఉంటాడు: ఎవరు, ఏ ఊరు, పందా దున్నా, ఏపాటిది. దున్నయితే కొమ్ముల పొడవు చేతి మీద కొలిచి చెప్పే పద్ధతి ఉంది. మన పెళ్ళిళ్ళలో చదివింపులు రాసుకున్నట్టే. ఆ పుస్తకంలో పడ్డ ప్రతి పద్దూ బాకీ. రేపు వాళ్ళింట్లో మనిషి పోతే వీళ్ళు అంతకి తగ్గని పశువుని తోలుకెళ్ళాలి. తండ్రి తీర్చకుండా పోతే కొడుకు మీద పడుతుంది. పాపువాలో గనిలోనో జకార్తాలో ఆఫీసులోనో పనిచేసే కుర్రాడు కూడబెట్టిన డబ్బులో కొంత ఈ పద్దుకే పోతుంది.

ఈ లెక్క తెలియాలంటే ముందురోజు రాంతెపావో పక్కన బోలు సంతకి వెళ్ళండి. ఆరు రోజులకోసారి పెద్ద సంత. వందల దున్నలు బురదలో బారులు తీరి ఉంటాయి, ముక్కుతాడు పట్టుకుని పక్కనే కుర్రాళ్ళు. నల్లదున్న ధర వేరు, నలుపూ తెలుపూ మచ్చలున్న దున్న ధర వేరు. ఈ మచ్చల దున్నని "తెదోంగ్ బోంగా" అంటారు. మచ్చల తీరూ, కళ్ళ రంగూ, ఒంటి మీది సుడులూ, కొమ్ముల వంపూ చూసి బేరం చేస్తారు. మంచి మచ్చల దున్న పది కోట్ల రుపియాలు దాటడం సాధారణమే, మన డబ్బులో ఐదు లక్షల పైమాట. దాన్ని నాగలికి కట్టరు. కాలువలో కడుగుతారు, గడ్డి కోసుకొచ్చి చేతులతో పెడతారు. పెద్ద వంశంలో మనిషి పోతే దున్నలు 24కి తగ్గకూడదంటారు. పుయా అనే పితృలోకానికి ఆత్మని మోసుకెళ్ళేవి ఈ దున్నలే అని నమ్మకం. వైతరణి దాటడానికి గోదానం చేసే మనకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. పుయా ఉండేదీ దక్షిణం దిక్కునే.

దున్నల్ని కోసే రోజు వెళ్ళకండి. టూరువాళ్ళు దాన్నే ముఖ్యమైన రోజని అమ్ముతారు, బండ్లు అన్నీ ఆరోజే వచ్చి ఆగుతాయి. ఒక్క కత్తివేటుతో గొంతు తెగుతుంది, నెత్తురు పట్టడానికి పిల్లలు వెదురుబొంగులతో పరిగెత్తుతారు. అది వాళ్ళ శ్రాద్ధకర్మ, దాన్ని చూసి మొహం తిప్పుకునే హక్కు మనకుంది కానీ, తప్పని తీర్పు చెప్పే హక్కు లేదు. ఆ రోజుకే వెళ్ళిన మనిషి నెత్తురు తప్ప ఇంకేమీ గుర్తుపెట్టుకోడు, అదే నా బాధ. చుట్టాలు వచ్చే రోజుకి వెళ్ళండి. కూర్చోండి. ఎండ ఉంటుంది, విసుగొస్తుంది, భాష తెలీదు. ఆ విసుగుని భరించండి, చావింట్లో సగం సమయం అలా కూర్చోవడమే. కాసేపటికి పక్కనున్న ముసలావిడ మీ చేతిలో కాఫీ గ్లాసు పెడుతుంది. మీరు మాంసం తినకపోతే ఆకుల్లో కలిపి వెదురుబొంగులో కాల్చిన "పాపియోంగ్" వద్దని చెప్పొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కాఫీ మాత్రం వద్దనకండి.

చీకటి పడ్డాక గైడు వెళ్దామంటే వెళ్ళకండి. అప్పుడే మొదలవుతుంది "మబాదోంగ్". మగవాళ్ళు పెద్ద వలయంగా నిలబడి, ఒకరి చిటికెనవేలు ఒకరు పెనవేసుకుని, అడుగు పక్కకి వేస్తూ పోయినవారి జీవితాన్ని గానం చేస్తారు. పుట్టుక దగ్గర్నుంచి మొదలుపెట్టి పుయా దారి దాకా. గొంతులన్నీ ఒకేసారి కిందికి దిగుతాయి, ఒకేసారి లేస్తాయి. కొత్త మనిషి వస్తే వలయం తెరుచుకుని చోటిస్తుంది. రమ్మంటే మొహమాటపడకుండా చేరండి. అడుగు తప్పినా పక్కవాడి వేలు మిమ్మల్ని సరైన వైపుకి లాగుతుంది.

అంతా తెలిసిన గైడు వద్దు. "ఇదంతా వెయ్యేళ్ళుగా మారలేదు" అని మొదలుపెట్టే గైడయితే మరీ వద్దు. ఆ ఊళ్ళో చుట్టరికం ఉన్న మనిషిని వెతుక్కోండి. తక్కువ మాట్లాడినా ఫరవాలేదు. మిమ్మల్ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలో అతనికి తెలిస్తే చాలు.

ఎందుకంటే అక్కడ మారనిది అంటూ ఏదీ లేదు, మారినదాన్నే శ్రద్ధగా చూడమని నా సలహా. డచ్చివాళ్ళ మిషనరీలు 1913లో వచ్చారు, ఇవాళ టొరాజాల్లో ఎక్కువమంది క్రైస్తవులే. శవపేటిక మీద శిలువ ఉంటుంది, పాస్టరు ప్రార్థన చేస్తాడు, అదే మైదానంలో దున్నలూ ఉంటాయి. ఈ రెండింటికీ ఎలా పొసగుతుందని వాళ్ళని నిలదీయకండి, వాళ్ళు తరాల తరబడి తమలో తాము తేల్చుకుంటూనే ఉన్నారు. పాత ధర్మం పేరు "అలుక్ తో దోలో", అంటే పూర్వీకుల మార్గం. ప్రభుత్వం గుర్తించిన మతాల్లో దానికి చోటు లేకపోతే, 1969లో హిందూ ధర్మంలో ఒక శాఖగా గుర్తింపు ఇచ్చారు. మీరు హిందువులని చెబితే ఒకరిద్దరు పెద్దవాళ్ళు "అయితే మనవాళ్ళే" అనొచ్చు. సంతోషంగా తలూపండి, అంతకుమించి చుట్టరికం కలిపేసుకుని వాళ్ళ ఆచారాలన్నిటికీ మన పురాణాల్లో మూలాలు వెతకడం వద్దు.

ఫోను గురించి మాత్రం మెత్తగా చెప్పలేను. మైదానంలో ఫోటోలకి అభ్యంతరం ఉండదు, ఇంటివాళ్ళే వీడియో తీయించుకుంటారు. కానీ ఇంట్లో తో మకులా ఉన్నారని, చూపిస్తానని గైడు అంటే వెళ్ళకండి. ఇంటివాళ్ళు తామే పిలిస్తే వెళ్ళండి. గుమ్మం దగ్గర ఆగి, లోపల నిద్రపోతున్న పెద్దవారిని పలకరించినట్టు పలకరించండి, తెలుగులోనైనా ఫరవాలేదు. ఫోను జేబులోంచి తీయకండి. వరికోతలు అయ్యాక, ఎక్కువగా ఆగస్టులో, పంగ్గలా, బరుప్పు వైపు ఊళ్ళల్లో జరిగే "మనెనె"కీ ఇదే మాట. కొన్నేళ్ళకోసారి సమాధి తెరిచి, తాతముత్తాతల దేహాలని దుమ్ము దులిపి, కొత్తబట్టలు కట్టి, కాసేపు ఎండలో నిలబెట్టి మళ్ళీ లోపల పెడతారు. ఆ ఎండలో నిలబెట్టినప్పటి ఫోటోలే "టొరాజాలో నడిచే శవాలు" అని ప్రపంచమంతా తిరిగాయి. ఆ మనిషికి కూతుళ్ళున్నారు, మనవలున్నారు, వాళ్ళ ఫోన్లకీ ఆ ఫోటో చేరుతుంది.

లెమోలో కొండచరియకి తొలిచిన గూళ్ళూ, వాటి ముందు వరండాల్లో చేతులు చాచి నిలబడ్డ "తావ్ తావ్" బొమ్మలూ తప్పకుండా చూడండి. లోండా గుహల్లోకి లాంతరు పట్టుకుని వెళ్ళండి, ఎముకలు ముట్టుకోకండి. కొన్నది పాతబొమ్మ అని చెప్పుకోవాలని ఉంటే ఆ కోరిక ఇక్కడే వదిలెయ్యండి. పోయినవారి పోలికతో పనసకర్రలో చెక్కిన తావ్ తావ్‌లని 1980ల్లో కొండల మీంచి దొంగిలించి విదేశాల్లో పాతకళాఖండాలుగా అమ్ముకున్నారు. తాతగారి బొమ్మ పోయిన ఇంటివాళ్ళకి అది రెండో చావు. ఇప్పుడు చాలాచోట్ల నిలబడ్డవి మళ్ళీ చెక్కించినవి. రాంతెపావో చుట్టుపక్కల ఇవాళ్టి శిల్పులు చెక్కుతూ కనిపిస్తారు. చెక్కపొట్టు మీద కూర్చుని పనిచేస్తున్న మనిషి చేతిలోంచే, ఆయన చెప్పిన ధరకే, కొత్తబొమ్మ కొనండి. బేరం ఆడకండి.

బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తాం" అనండి. చావింట్లో ఆ మాట అనకూడదని మన అమ్మమ్మలు నోరు నొక్కి నేర్పారు. అక్కడ అనొచ్చు. ఇంటి ఫోటోలో మీరూ ఉండి ఉంటారు కాబట్టి గైడు చేత ఇంటి చిరునామా రాయించుకుని, వాళ్ళవీ పిల్లలవీ మీరు తీసిన ఫోటోలు అచ్చు వేయించి పంపండి. ఫోనులో పంపితే చాలదు, కాగితం మీద కావాలి. వచ్చే ఏడాది మీ ఊరినుంచి ఎవరైనా అటు వెళ్తుంటే వాళ్ళ చేత పంచదార కూడా పంపండి.