కట్టడానికి కౌంటర్, అడగడానికి కమిటీ

ఫీజు కట్టడానికి వస్తే ప్రైవేటు కాలేజీలో ఆదివారం కూడా కౌంటర్ తెరుస్తారు. వెనక్కి ఇమ్మని వస్తే మాత్రం అకౌంటెంట్ సెలవు, ప్రిన్సిపాల్ మీటింగు, కరస్పాండెంట్ గారు ఊళ్లో లేరు.

రూలు లేక కాదు. అడ్మిషన్ల గడువుకు 15 రోజులు ముందే సీటు వదులుకుంటే ఫీజంతా తిరిగివ్వాలని, కోత 5 శాతమే, అదీ 5 వేలు దాటరాదని యూజీసీ 2018లోనే చెప్పింది. ఆలస్యమయ్యే కొద్దీ వచ్చేది 90, 80, 50 శాతం. గడువు దాటి నెల గడిస్తే సున్నా. కాలేజీలకు ఈ పట్టికలో ఆఖరి గడి ఒక్కటే కంఠతా వచ్చు!

ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి అప్పటికప్పుడే ఇచ్చేయాలన్నదీ ఆ ఉత్తర్వులోని మాటే. మన దగ్గర అవి తాకట్టు కొట్టులో బంగారంలా బీరువాలో భద్రం. కాకపోతే ఇక్కడ బాకీదారు వేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి పడేది సర్కారు, టీసీ ఆగేది పిల్లాడికి. సచివాలయం బీరువాలో పట్టదు కదా, పాపం.

గట్టిగా అడిగితే 'క్రమశిక్షణ లేదు' అంటారు. ఐడీ కార్డు మరిచినా జరిమానా వేసే చోట నోరు మరవకపోవడం పెద్ద నేరమే.

ఫిర్యాదులకు కమిటీ ఉండాలని యూజీసీ 2023 నిబంధనలు చెబుతున్నాయి. అధ్యక్షుడు ప్రొఫెసర్, సభ్యులు ఆ సంస్థ అధ్యాపకులే. విద్యార్థి ప్రతినిధికీ చోటుంది లెండి, 'ప్రత్యేక ఆహ్వానితుడి'గా!