స్మోకీ యాత్రాపద్యానికి టీకా తాత్పర్యం

మామ! స్మోకి కొండ మనకేమి దూరమా
అందరొస్తె దాటదండి వంద
కుక్కరొకటి తెస్త కూరగాయలు మీవి
లెక్కలన్ని పిదప లెండి మామ

అవతారిక: అట్లాంటాలో కాపురముండు ఎనమండుగురు మిత్రుల వాట్సాప్ గ్రూపున బుధవారం రాత్రి వెలువడిన ఆటవెలది. కవి పేరు గోప్యము. క్యాబిన్ మాత్రము ఆయన కార్డు మీదనే బుక్కయినది.

ప్రతిపదార్థం: మామ = వరుసకు ఏమీ కానివాడా; స్మోకి కొండ = టెన్నెసీ, నార్త్ కరోలినాల సరిహద్దున నున్న గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కు; ఏమి దూరమా = కారులో నాలుగు గంటలేగదా (దారిలో ఎవడును టీ అడగనిచో); అందరు + వస్తె = ఎనమండుగురును వచ్చినచో; వంద = నూరు డాలర్లు, 'తలకు' అని చేర్చుకొనవలెను; కూరగాయలు మీవి = వాటి ఖర్చు నాది కాదు; పిదప = ఎప్పుడో; లెండి = ఇక అడగవద్దు.

విశేషములు: 'కుక్క' 'రొకటి' అని విడదీయరాదు. ఆ పార్కులో రెండే రెండు చిన్న కాలిబాటలపై కుక్కలకు అనుమతి. కావున ఇది అన్నము వండు కుక్కరే. వండిన పులిహోర మిగిలినచో కారులో వదలరాదు. అచట సుమారు 1,900 నల్ల ఎలుగుబంట్లున్నవి. ఇంగువ వాసనకు వాటి అభిప్రాయమేమో పరీక్షింపబోవద్దు. ఎలుగు కనబడినచో 50 గజాల దూరము నిలువవలెను. సెల్ఫీకి మినహాయింపు లేదు.

'మామ' అని పిలిచి ఆ వెంటనే 'అండి' అనుట వరుస చెడుట కాదా? కాదు. డబ్బు మాట వచ్చినచోట తెలుగువాడు మర్యాద పెంచును.

శంక: పార్కు ప్రవేశము ఉచితమని లోకప్రసిద్ధి. న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డును కేంద్రానికి అప్పగించునాడు, దానిపై ఎన్నడును టోలు వసూలు చేయరాదని టెన్నెసీ షరతు పెట్టినది. అట్లయిన మనవాళ్లు ఐదు డాలర్లు దేనికి కట్టుచున్నారు?

సమాధానము: ప్రవేశము ఉచితమే, నిలుచుట ఉచితము కాదు. 2023 మార్చి 1 నుంచి పదిహేను నిమిషాలకు మించి కారు నిలిపినచో ట్యాగు కావలెను: రోజుకు 5, వారానికి 15, ఏడాదికి 40. శని, ఆదివారాలకు రెండు రోజువారీ ట్యాగులే చౌక. "నావద్ద దేశమంతా చెల్లే వార్షిక పాసుందిరా" అను మిత్రుడు ప్రతి గ్రూపునను ఒకడుండును. ఆ పాసు ఇచట ట్యాగుకు బదులు చెల్లదు. ట్యాగు ఏ కారు నంబరుమీద తీసుకొన్న ఆ కారుకే. రెండు కార్ల మధ్య చేతులు మార్చు తెలివి పనికిరాదు.

ఇక పద్యమునకు ప్రాణము 'అందరొస్తె' అను మాట. పూర్వ వ్యాఖ్యాతలు దీనిని పాదపూరణమని దాటవేసిరి. నా మతమున వంద మొత్తము దీనిమీదనే నిలిచియున్నది. రెండు రాత్రుల క్యాబిన్, క్లీనింగ్ ఫీజు, పన్నులతో 480 అయినదనుకొందము. ఎనమండుగురైన తలకు 60. ముగ్గురు జారిన 96. గ్యాసు, సరుకులు ఇంకను లెక్కలోకి రాలేదు. జారుటకు హేతువులు: ఒకనికి ఆన్‌కాల్, ఒకని ఇంట ఇండియా నుంచి అత్తమామలు దిగుట, మూడవవాడు మెసేజి చదివి నీలి టిక్కులు మాత్రమే ప్రసాదించుట. మూడవవాడే ప్రమాదకరుడు, వానిని లెక్కలో ఉంచుకొనవలెనో తీసివేయవలెనో తెలియదు.

ఆ పార్కును కొన్నదియు చందాలతోనే. రెండు రాష్ట్రాలు, ఊళ్ల జనము, బడిపిల్లలు సైతము చిల్లర పోగుచేసిరి. చాలకపోగా జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ తల్లి జ్ఞాపకార్థం యాభై లక్షల డాలర్లిచ్చెను. 1934లో పార్కు ఏర్పడినది. మన గ్రూపున రాక్‌ఫెల్లర్ లేడు. కార్డు ఇచ్చిన కవి మాత్రమున్నాడు.

తాత్పర్యం: ఓ మిత్రులారా, వారాంతమున స్మోకీ కొండలకు పోవుదము. 6,643 అడుగుల కువోహి శిఖరము (2024 వరకు క్లింగ్‌మన్స్ డోమ్) చూతము. అందరును వచ్చినచో ఖర్చు స్వల్పము. వంట మనదే, కుక్కరు నాది, తక్కినవన్నియు మీవి.

పాఠాంతరము: శుక్రవారం మధ్యాహ్నపు ప్రతిలో 'అందరొస్తె' స్థానమున 'కొందరొస్తె' అని దిద్దియున్నది. యతి చెల్లదు కావున ఈ పాఠము గ్రాహ్యము కాదు. క్యాబిన్ రద్దు చేసుకొను గడువు గురువారముతోనే ముగిసినది.