నానమ్మ రెండో టేకు ఇవ్వదు

కుటుంబ జ్ఞాపకాలను శబ్దంతో, వీడియోతో కళాఖండంగా మలచాలనుకునేవాడికి ముందు కావలసింది కెమెరా అని లోకం అనుకుంటుంది. ఫెలోషిప్ ఇచ్చేవాళ్లు మాత్రం కాన్సెప్ట్ నోట్ అడుగుతారు. ఆ నోట్‌లో స్థానభ్రంశం, విస్మృతి, మౌనం అనే మాటలు పడకపోతే దరఖాస్తు గడప దాటదని అనుభవజ్ఞులు చెప్పారు. నేను మా వంశాన్ని ఆ కొలతల్లో పెట్టి చూశాను. విస్మృతి మా ఇంట్లో దొరకదు. ముప్ఫై ఏళ్ల కిందటి పెళ్లిలో ఎవరి విస్తట్లో మటన్ ముక్కలు తక్కువ పడ్డాయో అందరికీ గుర్తుంది, వడ్డించినవాడి పేరుతో సహా. మౌనం అంతకన్నా కరువు. స్థానభ్రంశం సంగతి సరేసరి. మావాళ్లు జుక్కల్‌లో పుట్టి, జుక్కల్‌లో జొన్నలు, కందులు పండించి, జుక్కల్‌లోనే గట్టు తగాదాలు పెట్టుకున్నవాళ్లు.

“నానమ్మా, మన ఇంటోళ్లు ఎప్పుడన్న ఊరు ఇడిసి పోయిండ్రా?” అని ఆశగా అడిగాను.

“మేం యాడికి వోలేదు బిడ్డా. సర్కారే అటూ ఇటూ తిరిగింది” అంది.

తిరిగిన మాట నిజమే. 1956 రాష్ట్రాల పునర్విభజన చట్టం మూడో సెక్షన్ తిరగేస్తే అందులో మా ఊరి పేరు కనిపిస్తుంది. నాందేడ్ జిల్లా దెగ్లూర్ తాలూకాలోని బిచ్కుంద, జుక్కల్ సర్కిళ్లను ఆంధ్ర రాష్ట్రానికి కలుపుతున్నట్టు పార్లమెంటు రాసి పెట్టింది. నానమ్మ పుట్టిల్లు దెగ్లూర్ వైపు, అత్తిల్లు జుక్కల్. కొత్త కోడలిగా వచ్చినప్పుడు రెండూ ఒకే తాలూకా. ఆ నవంబరు ఒకటో తారీఖున అమ్మగారిల్లు బొంబాయి రాష్ట్రానికి, అత్తగారిల్లు ఆంధ్రప్రదేశ్‌కీ పోయాయి. ఆమె మాత్రం పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. తర్వాత 1960లో అమ్మగారిల్లు మహారాష్ట్ర అయింది. 2014లో అత్తగారిల్లు తెలంగాణ అయింది. 2016లో నిజామాబాద్ జిల్లా పోయి కామారెడ్డి జిల్లా వచ్చింది. మూట కట్టకుండా, బస్సు ఎక్కకుండా ఇన్ని చిరునామాలు మారిన మనిషికన్నా స్థానభ్రంశం చెందినవాళ్లు ఎవరుంటారని నోట్‌లో రాసేశాను. మూడు తెరలు, నాలుగు స్పీకర్లు, మధ్యలో ఒక నులక మంచం. జ్యూరీకి మంచం బాగా నచ్చిందట.

ఇక ధ్వని ముద్రణ. మా ఇంట్లో శుభ్రమైన శబ్దం కావాలంటే ముందు ఫ్యాను ఆపాలి, తర్వాత ఫ్రిజ్, తర్వాత ట్యూబ్‌లైటు జుమ్మనకుండా అదీ ఆపాలి. అప్పటికి చీకట్లో చెమటలు కారుస్తూ కూర్చున్న మా వంశం, జ్ఞాపకాలు వద్దు గాలి కావాలి అనే స్థితికి వస్తుంది. దాని మీద నేను ఇంకో కోరిక కోరాను. గదికి తనదైన చప్పుడు ఒకటుంటుంది. దాన్ని విడిగా రికార్డు చేసి పెట్టుకుంటే తర్వాత ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు కనిపించవు. అందుకని, “ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడొద్దు” అన్నాను. పెద్దబాపు వెంటనే లేచి, చేతులు కట్టుకుని, తల వంచాడు. ఆయన్ను చూసి మిగతావాళ్లూ లేచారు. ఇరవై సెకన్లు గడిచాక మేనత్త గుసగుసగా, “ఎవరు పోయిండ్రు?” అని అడిగింది. ఆ ఫైలు నా దగ్గర భద్రంగా ఉంది. ఎడిటింగ్‌కు పనికిరాదు కానీ, తీసేయబుద్ధి కాదు.

నానమ్మ కొంగుకు చిన్న క్లిప్ మైకు పెట్టాను. “గిదేంది, తేలా?” అంది. కాదు, నీ మాట పట్టుకునే యంత్రం అని చెప్పాను. ఖరీదు కూడా చెప్పాను, అక్కడే దెబ్బ పడింది. అంత పైసల వస్తువు బయట వేలాడితే ఎవడన్నా ఎత్తుకుపోతాడని, నేను కెమెరా సర్దుకునేలోపు దాన్ని కొంగులో చిల్లరతో, వక్కలతో కలిపి ముడి వేసింది. గంటన్నర సేపు రజాకార్ల కాలం గురించి ఆమె చెప్పినదంతా, రూపాయి బిళ్లలు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు రికార్డయింది. మళ్లీ చెప్పమంటే చెప్పదు. “ఒకసారి చెప్పిన గద. అప్పుడేం వింటున్నవ్?” అంటుంది. సినిమా హీరోలు ఇరవై టేకులు ఇస్తారని నచ్చజెప్పబోయాను. “వాళ్లకు పైసలిస్తరు” అంది.

కెమెరా పెట్టడంలో కూడా నాకు స్వేచ్ఛ దక్కలేదు. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల వాళ్లు సేద్యం చేసుకుంటూనే వీడియో కెమెరాలు పట్టారు, 2008 నుంచి మాచనూరులో సొంత రేడియో కూడా నడిపారు. షాట్లకు వాళ్లు పెట్టుకున్న పేర్లు ఏ ఫిల్మ్ స్కూల్లోనూ ఉండవు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. కళ్లలో కళ్లు పెట్టి సమానంగా చూసేది సంఘం షాట్. నేనూ సంఘం షాట్ తీయాలనే గట్టిగా అనుకున్నాను. కానీ నానమ్మ మంచం మీద కూర్చుంటుంది, నేను పక్కన కూర్చోబోతే మనవడు కింద కూర్చుంటేనే పద్ధతి అంటుంది. కాబట్టి మా కుటుంబ చరిత్ర మొత్తం కింద నుంచి పైకి చూస్తూ నడుస్తుంది. పటేల్ ఎవరో తెరను చూస్తే తెలిసిపోతుంది.

మౌఖిక చరిత్ర మీద నాకు భక్తి కలిగించిన పుస్తకం స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’. తెలంగాణ సాయుధ పోరాటంలో పనిచేసిన స్త్రీల మాటలను వాళ్ల నోటనే వినిపించిన పుస్తకం అది. అడిగి, అడ్డు రాకుండా కూర్చుంటే ఆడవాళ్ల చరిత్ర దానంతటదే బయటికొస్తుందని దాన్ని చదివి నమ్మాను. ఆ రచయిత్రుల అదృష్టం ఏమిటంటే, పక్కన మా పెద్దబాపు లేడు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాద్ సంస్థానంలోకి వచ్చి, 17కల్లా పని ముగించింది. నానమ్మకు అప్పటికి తొమ్మిదో పదో ఏళ్లు. ఆమె నోరు తెరవగానే పెద్దబాపు అందుకుని, “నేను చూస్తుండంగ మిలిట్రీ లారీలు వచ్చినయ్” అని మొదలుపెట్టాడు. ఆయన పుట్టింది ఆంధ్రప్రదేశ్‌లో. “నీకన్నీ ఎట్ల తెలుసు, నువ్వు పుట్టనే లేదు గద?” అని నానమ్మ అడిగితే, “పుట్టకుంటే తెల్వదా?” అన్నాడు. చరిత్రకారులంతా చేసే పని అదే కాబట్టి నేను ఎదురు చెప్పలేకపోయాను. నానమ్మకు లారీలు గుర్తులేవు. లెవీవాళ్లకు కనపడకుండా జొన్నలు దాచిన పాతర గుర్తుంది. నిజాం పోయాడు, ఇక తీయొచ్చు అనుకుని మూత తెరిస్తే సగం జొన్నలు ముక్కిపోయి ఉన్నాయట. స్వాతంత్ర్యం అనగానే ఆమె ఇప్పటికీ ముక్కు మూసుకుంటుంది. మా పెద్దబాపుకు ఈ వెర్షన్ నచ్చలేదు. కౌలాస్ కోట మీద డ్రోన్ ఎగరేసి, 1857లో ఆంగ్లేయులకు ఎదురు తిరిగిన రాజా దీప్‌సింగ్‌తో మొదలుపెట్టాలని ఆయన పట్టు. ఆ రాజుకూ మనకూ సంబంధం ఏంటని అడిగాను. “ఒకే మండలం” అన్నాడు.

విదేశాల్లో ఈ పని చేసినవాళ్ల కష్టాలు వేరు. అలన్ బెర్లినర్ అనే అమెరికా దర్శకుడు 1996లో తన తండ్రి మీద ‘నోబడీస్ బిజినెస్’ అనే సినిమా తీశాడు. నాది మామూలు బతుకు, ఎవడికి కావాలి ఇదంతా అని ఆ పెద్దాయన సినిమా పొడుగునా కొడుకును కసురుకుంటూనే ఉంటాడు. అలా కసురుకునే మనిషి ఒక్కడు దొరికితే చాలని నేను మొక్కుకోని దేవుడు లేడు. మావాళ్లలో తన బతుకు మామూలుదని ఒప్పుకునేవాడు ఒక్కడూ లేడు.

అసలు సరుకు దివాన్ కింది రేకు పెట్టెలో దొరికింది. మా కాక దుబాయి పోయినప్పటి క్యాసెట్లు. ఆ రోజుల్లో మా జిల్లా నుంచి గల్ఫ్ పోయిన ఎన్నో ఇళ్లలో ఉత్తరం బదులు క్యాసెట్ నడిచేది. చదువు రానివాళ్లకు రాసే బాధ లేదు, ట్రంకాల్ ఖర్చూ లేదు. సెలవు మీద వచ్చినవాడి బ్యాగులో టూ-ఇన్-వన్ వచ్చేది, తిరిగి పోయేవాడి బ్యాగులో తొక్కు సీసా పక్కన ఇంటిల్లిపాది గొంతులు పోయేవి. అరవై నిమిషాల క్యాసెట్‌కు పక్కకు ముప్ఫై నిమిషాలు. ఆ ముప్ఫై నిమిషాల్లో మావాళ్లు లోకంలోని సంగతులన్నీ చెప్పి ఉంటారని గుండె దడదడలాడుతూ బటన్ నొక్కాను. బాగున్నవా, తిన్నవా, పైసలు ముట్టినయ్, బర్రె ఈనింది, బాగున్నవా. వరసగా అందరూ అదే. తాత మాత్రం కొడుకు ఎదురుగా లేడన్న సంగతి మరిచిపోయి, ఒక్కో ప్రశ్న వేసి జవాబు కోసం చాలాసేపు ఆగాడు. మూడో క్యాసెట్‌లో సగం దాకా నానమ్మ, ఆ తర్వాత సినిమా పాటలు. పాటలు ఎక్కించింది ఎవరో ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ చెప్పరు.

ఒక క్యాసెట్‌లో చివర, “నువ్వు గూడ మాట్లాడు, సిగ్గెందుకు?” అని నానమ్మ గొంతు. తర్వాత గాజుల చప్పుడు. దగ్గు. మళ్లీ గాజులు. “ఆఁ... ఏం లేదు” అని ఒక ఆడమనిషి. ఠక్కున బటన్ నొక్కిన శబ్దం. పెళ్లయిన కొన్నాళ్లకే మొగుణ్ణి విమానం ఎక్కించిన మా చిన్నమ్మ, ఆ రోజు ఆయనకు చెప్పుకోగలిగింది అంతే. కాక దాన్ని గదిలో తనతోపాటు ఉండేవాళ్లకు వినబడకుండా, టూ-ఇన్-వన్‌ను చెవికి ఆనించి, మళ్లీ మళ్లీ వినేవాడట.

ఇదే నడిమి తెర, ఇదే ప్రాజెక్టు అని నేను కళ్లు తుడుచుకుంటున్నాను. అంతలో చిన్నమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“అత్త పక్కన కూసుని నోట్లెకెల్లి చూస్తుంటే మొగనితోని ఏం మాట్లాడాలె?”

“నేను వద్దన్ననా? మాట్లాడుమనే అన్న. టేపుల ఉన్నది, ఇను” అంది నానమ్మ. సాక్ష్యంగా ఆర్కైవ్‌ను వాడిన మొదటి మనిషి ఆమే.

“మాట్లాడుమన్నవ్. లేసి పోయినవా?”

నలభై ఏళ్లుగా బాకీ ఉన్న తగాదా అక్కడే, వేడిగా, ఇద్దరి గొంతులూ ఒకేసారి పడుతూ మొదలైంది. పెద్దబాపు తీర్పు చెప్పబోయి ఇద్దరితోనూ తిట్లు తిన్నాడు. బయట బాన్సువాడ బస్సు హారన్ కొట్టింది. ఫ్యాను తిరుగుతోంది, ఫ్రిజ్ మూలుగుతోంది. నా రికార్డర్ మాత్రం ఆన్‌లోనే ఉంది. కాన్సెప్ట్ నోట్‌లో నేను రాసిన మౌనం ఆ క్యాసెట్ చివర కొన్ని సెకన్లు ఉంది, దానికి జవాబు ఇప్పుడు గంటసేపు పడింది. రెండూ ఎదురెదురు స్పీకర్లలో పెట్టాను.

మొదటి ప్రదర్శన మా వాకిట్లోనే, తాడుకు కట్టిన ధోవతుల మీద. పాత పెళ్లి వీడియో ఒక ధోవతిలో నాలుగో వంతు మీద ఆడింది. వీహెచ్‌ఎస్ టేపుకు బూజు పట్టడంతో డిజిటల్ చేయించాను. చేసిన దుకాణం వాడు పెళ్లికూతురు మొహం మీద తన ఫోన్ నంబరు వేసిచ్చాడు. దాన్ని సమకాలీన కళ అనుకుని వచ్చినవాళ్లు మెచ్చుకున్నారు. మా చుట్టాలు తెర మీద తమను తాము వెతుక్కున్నారు. కనబడినవాళ్లు బాగుందన్నారు, కనబడనివాళ్లు కరెంటు పోయినప్పుడే లేచి వెళ్లారు.

ఇప్పుడు ఫెలోషిప్ వాళ్లు ప్రతి గొంతుకూ అనుమతి పత్రం పంపమన్నారు. పెద్దబాపు, దీప్‌సింగ్‌ను పెట్టేదాకా సంతకం లేదన్నాడు. నానమ్మ వేలిముద్రకు సిద్ధమే, కోడలి మాటలు తీసేస్తే. చిన్నమ్మ ఒక్కతే వెంటనే సంతకం పెట్టింది, కింద ఒక షరతు తన చేతి రాతతో రాసి: గాజుల చప్పుడు ఇంకా గట్టిగా రావాలె, ముసలామెకు చెవులు సరిగ వినబడుత లేవు.