నేను గవాచిని

పావగడ కోట కొండ కింది పాత వీధిలో ఒక మట్టిమిద్దె ఉంది. దాని నడినెత్తిన ఉన్న గవాచిని నేను. రాతిగోడల మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటిపైన కట్టెపేళ్ళు, కానగాకు, తొక్కిన బురద, అన్నిటికీ మీద చౌడు. ఇంత బరువు పరిచేటప్పుడు వంటింటికి నేరుగా మూరెడు చోటు ఖాళీగా ఉంచి, వాననీళ్ళు దిగకుండా చుట్టూ జానెడెత్తు గట్టు పోశారు. పొయ్యి పొగను పైకి పంపడం, ఎండను లోపలికి దించడం నా పని. నేను దించిన వెలుతురు బిళ్ళ రోలు దగ్గరికి వచ్చిందంటే చేనికి సద్ది పంపే పొద్దయిందని ఈ ఇంటి అవ్వ లెక్క. గోడ గడియారం వచ్చాక కూడా ఆమె ఆ లెక్క మానలేదు.

నా చుట్టూ ఉన్న చౌడు గురించి చెప్పాలి. అది పంటకు పనికిరాని నేల. అందులో సోడియం ఎక్కువ. తడిస్తే ఆ బంకమట్టి రేణువులు విడిపోయి, ఉబ్బి, సందులన్నిటినీ మూసేస్తాయి. నీటిబొట్టు కిందికి దిగదు. ఏటా వానలకు ముందు నాలుగు గంపల కొత్త చౌడు చల్లితే చాలు, మిద్దె తరాలు నిలబడుతుంది. చల్లడం మానేస్తే మిద్దె కారి దూలం చివికిపోతుంది. అంటే ఇలాంటి ఇంటికి మనిషి ఉండాలి. అవ్వకు మోకాళ్ళు అరిగి నిచ్చెన ఎక్కలేకపోయిన నాడే ఈ ఇంటి అమ్మకం మొదలైందని నేననుకుంటాను.

అవ్వ వాళ్ళ చేను తిరుమణి దిక్కున ఉంది. అక్కడ ఇప్పుడు శెనక్కాయ లేదు, సోలారు పలకలున్నాయి. 2018 మార్చి 1న మొదలైన ఆ సోలారు పార్కు 13 వేల ఎకరాలది, సామర్థ్యం 2,050 మెగావాట్లు. దానికోసం రైతుల భూమి కొనలేదు, లీజుకు తీసుకున్నారు. ఎకరాకు ఏడాదికి 21 వేలతో మొదలుపెట్టి, రెండేళ్ళకోసారి 5 శాతం పెంచేలా ఒప్పందం. కాబట్టి చేను ఇంకా అవ్వదే. ఇల్లు మాత్రం అట్లా లీజుకిచ్చి వదిలేసే వస్తువు కాదు. బెంగుళూరులో ఉన్న కొడుకు వచ్చి, “అమ్మా, ఒంటిగా ఎన్నాళ్ళుంటావు? అమ్మేసి నాతో రా” అన్నాడు. ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడకుండా బియ్యంలో రాళ్ళు ఏరింది. ఆ తర్వాత, “అమ్మేదైతే బాగుచేసి అమ్ముదాం. ఇట్లా చూపించొద్దు” అంది.

కొడుకు ముందే లెక్క వేసుకుని వచ్చాడు. గోడలకు ప్లాస్టిక్ రంగు, నేలకు యాసిడ్, పైన పీవీసీ సీలింగు. ఆ సీలింగు వస్తే నేను కనబడను. మిద్దెపనిలో ముసలివాడైన మేస్త్రి వచ్చి ఇల్లంతా తిరిగాడు. పడమటి గోడ అడుగున గోరుతో గీకాడు. తెల్లటి ఉప్పు రాలింది.

“అప్పా, ఇది మట్టి పెట్టి కట్టిన రాతిగోడ. నేలలో చెమ్మ పైకి ఎక్కుతుంది, గోడలోంచే బయటికి పోతుంది. ప్లాస్టిక్ రంగేస్తే ఆ చెమ్మ యాడికి పోతుంది? మూడు నెలలకు బొబ్బలెక్కి రాలిపోతుంది.”

“మూడు నెలల్లోపల అమ్మేస్తాం గదన్నా” అన్నాడు కొడుకు.

అవ్వ తలెత్తి కొడుకును చూసింది. “కొన్నోళ్ళు ఈ ఊర్లోనే ఉంటారు. శనేశ్వరుని గుడికాడ ఎదురైతే ఏ మొగంతో పలకరించేది?” అంది.

ఆ ఒక్క మాటతో పని దారి మారింది. మరక మీద రంగు పూస్తే కొనేవాడు ఆ రోజుకు చూడడు, తొలివానకు చూస్తాడు. నేను పైనుంచి ఈ వీధిలో ఎన్నో ఇళ్ళు చేతులు మారడం చూశాను. దాచిన చెమ్మ వల్ల పోయే పేరు, ఆ రంగు తెచ్చిపెట్టే ధర కంటే పెద్దది.

పడమటి గోడకు ఆనించిన బండల గట్టు తీసేసి, నీళ్ళు నిలవకుండా బయట వాలు పెట్టారు. గోడను ఆరనిచ్చారు. ఆరాకే సున్నం. సున్నం చెమ్మను పట్టి ఉంచదు. అడుగున ఎర్రగా జాజుపట్టె. నేల తాడిపత్రి బండలది. అది సున్నపురాయి జాతి కాబట్టి యాసిడ్ తగిలితే నునుపు తినేస్తుంది. సబ్బునీళ్ళతో రుద్ది, ఆరబెట్టి, గుడ్డతో కొబ్బరినూనె పూసేసరికి నేను దించిన వెలుతురు ఆ నలుపు మీద మెరిసింది. ఎన్నేళ్ళ పొగమసో నా అంచుల్లో ఉండేది, మేస్త్రి దాన్నీ గీకి, పైన మందపాటి గాజు పలక పెట్టాడు. “ఇది మూస్తే లోపల పట్టపగలే లైటు వెయ్యాల. తెరిస్తే ఇల్లే వేరు” అన్నాడు. నా బతుకు ఆయన మాట మీద నిలబడింది.

సామాను తియ్యడమే అన్నిటికన్నా కష్టమైంది. చెడిపోయిన ఫ్యాన్లు, ఖాళీ డబ్బాలు, శెనక్కాయ వలిచే మిషను, పాత సంచులు. హిందూపురం నుంచి వచ్చిన కూతురు ఫోనులో చదివి చెప్పింది: అమెరికాలో దీనికి హోమ్ స్టేజింగ్ అని ఒక వృత్తే ఉందట, 1972లో బార్బ్ ష్వార్జ్ అనే ఆమె మొదలుపెట్టిందట, ఇంటివాళ్ళ ఫోటోలు కూడా తీసెయ్యమంటారట, చూడవచ్చినవాళ్ళు తమ బతుకును అక్కడ ఊహించుకోవాలని. అవ్వ విని, తాత ఫోటో తనే దించి పెట్టెలో పెట్టుకుంది. దేవుని గూడు మాత్రం ముట్టనివ్వలేదు. అది సరైన పనే. కొన్నాళ్ళకోసం సోఫాలు అద్దెకు తెచ్చి పరచడం ఈ ఇంటికి నప్పదు. గాదె తీసేసిన గది ఎంత పెద్దదో కనబడితే చాలు. ఆ గది అంత విశాలంగా ఉంటుందని నేనే మరిచిపోయాను.

ఇంటికి సున్నం వేసినంత శ్రద్ధగా కాగితాలనూ చక్కబెట్టాలి. ఇంటి ఖాతా ఇంకా తాత పేరు మీదే ఉంది. వంశవృక్షం తీసుకుని, పేరు మార్పించి, పురసభలో ఇ-ఖాతా చేయించారు. 2024 అక్టోబరు తర్వాత కర్ణాటకలో అది లేకుండా రిజిస్ట్రేషన్ జరగదు. కందాయం బాకీ కట్టి, ఇంటిమీద అప్పులేవీ లేవని చూపే ఈసీ తీయించారు. కూతురు సంతకం ఎందుకని కొడుకు అడిగితే, ఈ రాష్ట్రంలో 1994 నుంచే పిత్రార్జితంలో ఆడబిడ్డకూ వాటా ఉందని పత్రాలు రాసేవాడు చెప్పాడు. “వాటా లేకున్నా అడిగేదాన్ని” అంది అవ్వ. ఆ సంతకం ముందే ఉండడం కొనేవాళ్ళకు ఎంత ధైర్యమో తర్వాత తెలిసింది.

ఇంకోటి, నీళ్ళు. పావగడ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఉంటుందని ఇక్కడ పిల్లలకూ తెలుసు, వాళ్ళ పళ్ళ మీదే కనబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగరాదు. అవ్వ తన బోరు నీళ్ళను పరీక్షకు పంపించి, ఆ కాగితాన్ని కూడా దస్తావేజుల్లో పెట్టించింది. తుంగభద్ర నీళ్ళు తెచ్చే పథకం సంగతి చెప్పొచ్చు, తన కుళాయిలో రాని నీళ్ళను వస్తున్నట్టు చెప్పకూడదని ఆమె నియమం.

ఒక శనివారం గుడికి వచ్చిన హిందూపురం వ్యాపారి చూశాడు. ఆయనకు స్థలం కావాలి, మిద్దె అక్కర్లేదు. పైకి ఒక్కసారైనా చూడలేదు. మంచి ధరే చెప్పాడు. అవ్వ ఆలోచించి చెబుతానంది. తర్వాతి వారం సోలారు పార్కులో పనిచేసే ఒకాయన, బడిలో టీచరుగా ఉన్న తన భార్యతో వచ్చాడు. ఆమె సరిగ్గా నా కింద నిలబడి, “ఎండ ఇంతుంటే లోపల ఇంత చల్లగా ఎట్లవ్వా?” అంది. ఆపైన వరసగా అడిగింది: కారుతుందా, చెమ్మ ఉందా, నీళ్ళెట్లా? అవ్వ పడమటి గోడ దగ్గరికి తీసుకుపోయి ఉప్పు తేలిన చోటు చూపించింది, నీళ్ళ పరీక్ష కాగితం చేతికిచ్చింది, తాగడానికి 20 లీటర్ల క్యాను తెచ్చుకోవాలంది. కొడుకు ముఖంలో రంగు పోయింది. ఆమె మాత్రం ఆ కాగితం రెండుసార్లు చదివి భర్తకు ఇచ్చింది.

వ్యాపారి ఇస్తానన్న దానికంటే వాళ్ళు కొంచెం తక్కువకు అడిగారు. అవ్వ ఒప్పుకుంది, కొడుకూ చివరికి ఒప్పుకున్నాడు. 2025 ఆగస్టు ఆఖరున రిజిస్ట్రేషన్ ఫీజు 1 నుంచి 2 శాతానికి పెరిగింది గదా, ఆ ఖర్చు ఎవరిదో కూడా అగ్రిమెంటులో తేల్చి రాసుకున్నారు.

బయానా ఇచ్చిన రోజు ఆ టీచరమ్మ నిచ్చెనెక్కి మిద్దె మీదికి వచ్చింది. మేస్త్రి నా గట్టు చుట్టూ చౌడు తొక్కి చూపిస్తున్నాడు. కింద వాకిట్లోంచి అవ్వ గట్టిగా చెబుతోంది: “తెల్లగా పొంగిన చోట తవ్వించు తల్లీ, ఎర్రది పనికిరాదు. మొదటి వానకు ముందే చల్లాల. ఆ గాజు పగిలితే గవాచిని మూసే పాత బండ అక్కడే పెట్టినా, మూలకు!”