దెబ్బ నాది, డబ్బెవరిది?

నేను డప్పుని. పుట్టింది పల్నాడు అచ్చంపేట మాదిగపల్లెలో. వేపచెక్క చట్రం, దానికి చింతగింజల అంబలితో అంటించిన దూడతోలు. వాయించే ముందు వరిగడ్డి మంట మీద తిప్పుతూ కాస్తారు. తోలు బిగిసి ఖంగుమన్నాక కుడిచేతికి చిర్ర, ఎడమచేతికి సిటికెన పుల్ల. చావుకీ, జాతరకీ, దండోరాకీ నేనే. ఇప్పుడు నామినేషన్లకీ నేనే.

ఓ పార్టీ పాటకి నన్నూ రికార్డు చేశారు. అరపూట వాయించినందుకు మా తాతకి బండి కిరాయి, బిర్యానీ పొట్లం. ఆ దరువు ఎన్నికలంతా ఆటోల మీద ఊళ్ళు తిరిగింది. ఇక తాతని పిలిచే పని లేకపోయింది.

తాత మనవడికి ర్యాప్ పిచ్చి. ఇలాంటి కథే ఇంకోటి వాడు చెప్పాడు. అమెరికాలో క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ అని ఓ నల్లజాతి డ్రమ్మర్. 1970లో వచ్చిన జేమ్స్ బ్రౌన్ పాట ‘ఫంకీ డ్రమ్మర్’లో కొన్ని సెకన్లు ఒక్కడే వాయించాడు. ఆ ముక్కని కత్తిరించి వందల ర్యాప్ పాటల కింద పరిచారు. దరువు వేసినవాడు పాట కట్టినవాళ్ళ లెక్కలోకి రాడట, అందుకని రాయల్టీ దక్కలేదు. విడ్డూరమేమిటంటే, పెత్తనాన్ని ఎదిరించమన్న పబ్లిక్ ఎనిమీ అనే ర్యాప్ బృందం 1989 పాట ‘ఫైట్ ద పవర్’లోనూ ఆ దరువే ఉంది. క్లైడ్ 2017లో పోయాడు.

“అయితే ఆయనా మనోడేరా అబ్బాయ్,” అన్నాడు తాత.

బంగారు గొలుసులు, కార్లు చూపించి మురిసేదీ ఆ ర్యాపే కదా అంటారా? మురవనివ్వండి, తరాల తరబడి మెడ బోసిగా ఉన్నవాళ్ళు. కాకపోతే ఆ గొలుసు ఎవడు వేశాడు, రెండో కొస ఎవడి చేతిలో ఉంది అని అడిగినవాళ్ళూ వాళ్ళలోనే ఉన్నారు. ర్యాపర్ కెండ్రిక్ లామార్ 2015 ఆల్బమ్ ‘టు పింప్ ఎ బటర్‌ఫ్లై’ గొడవంతా అదేనని మనవడి మాట.

అంత దూరం పోనక్కర్లేదు, మన దగ్గరా ఇదే కథ. కృష్ణకి ఎగువన, నల్లమల అంచున ఇంకో అచ్చంపేట ఉంది. దర్శనం మొగిలయ్యది ఆ వైపే. పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తాడు. డక్కలి కులం, మాదిగలకి కథలు చెప్పి బతికినవాళ్ళు, కాబట్టి ఆ కిన్నెర నాకు చుట్టమే. 2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటతో ఆయన పేరు మోగిపోయింది. 2022లో పద్మశ్రీ వచ్చింది, తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. 2024లో హైదరాబాద్ శివార్లలో కూలిపని చేస్తూ కనిపించాడు. కోటి ఏం చేశావయ్యా అని అందరూ ఆయన్నే నిలదీశారు. ఆ పాట ఎంత తెచ్చిపెట్టింది, అందులో కిన్నెర వాటా ఎంత అని అడిగిన గొంతు మాత్రం నా చెవిన పడలేదు.

నా దెబ్బ కావాలంటే పెన్‌డ్రైవ్ పెట్టకండి, మనిషిని పిలవండి. రికార్డు చేసుకుంటే వాయించినవాడి పేరు వెయ్యండి. మోగించిన ప్రతిసారీ వాడి డబ్బు వాడికివ్వండి.