మాత్రల మారాజు

బెజవాడలో మాత్రల మారాజును గుర్తుపట్టడం తేలిక. చొక్కా జేబులో ఆకుపచ్చటి విటమిన్ ఇ మాత్రల అట్ట, దాన్ని ఆనుకునే సిగరెట్ పెట్టె ఉంటాయి. పరగడుపున టీతో మాత్ర మింగి, గ్లాసు ఖాళీ అయ్యేలోగా రెండు సిగరెట్లు ఊదేస్తాడు. సాయంత్రం బండి దగ్గర, మరిగి మరిగి నల్లబడ్డ నూనెలో దేవిన పునుగులు రెండు ప్లేట్లు లాగించి, మూతి తుడుచుకుంటూ, "మొహం ఎలా నిగనిగలాడుతోందో చూశావా గురూ! అంతా విటమిన్ మహిమ" అంటాడు. ఆ నిగనిగ మాత్రదా, పునుగులదా అన్నది తేల్చడం కష్టం.

ఆయన భక్తికి లోటు లేదు, లెక్కే తప్పింది. 1922లో అమెరికాలోని బర్క్‌లీలో ఇవాన్స్, బిషప్ ఎలుకల మేతను పరీక్షిస్తూ కనిపెట్టిన ఈ విటమిన్ కొవ్వులో కరిగేది. తిండిలో కాస్త నూనో నెయ్యో తోడుంటేనే ఒంటికి బాగా పడుతుంది. పరగడుపు టీతో అంతగా పట్టదు. కణాల పొరల్లోని కొవ్వు చెడకుండా కాపాడటం దాని పని. సిగరెట్ పొగ ఆ కొవ్వునే చెడగొడుతుంది కనుక పొగతాగేవారిలో విటమిన్ ఇ త్వరగా ఖర్చవుతుంది. ఖర్చైనదాన్ని తిరిగి పనికొచ్చేలా చేసే విటమిన్ సి కూడా వారిలో తక్కువే. ఇక నూనెలో సహజంగా ఉన్న ఇ, మళ్లీ మళ్లీ కాచేకొద్దీ నశిస్తుంది. డెల్టా ధాన్యంలో అది ఎక్కువగా ఉండేది తవుడులోనూ మొలకలోనూ. మారాజుకేమో అన్నం మల్లెపూవులా ఉండాలి. ఆ తవుడు కాస్తా గేదెల కుడితికీ నూనె మిల్లుకూ పోతుంది. కాలవకు గండి పడితే ముందు గండి పూడుస్తారు గాని, బ్యారేజీ దగ్గర ఇంకో గేటు ఎత్తరు. డెల్టాలో పుట్టినవాడికి ఇది ఒకరు చెప్పాలా?

"డాక్టర్లే రాస్తున్నారుగా" అంటాడు. కొవ్వు అరిగి ఒంటబట్టని జబ్బుల్లాంటివాటికి రాస్తారు, నిజమే. ఆ చీటీ ఆ రోగిది, ఊరందరిదీ కాదు. మామూలుగా తినే ఆరోగ్యవంతుల్లో ఈ లోపం అరుదు. "మేలు లేకపోతే పోనీ, కీడేముంది?" అన్నది రెండో బాణం. రోజుకు 400 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్న మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం ఎక్కువగా కనిపించిందని 2011లో అమెరికాలోని సెలెక్ట్ పరిశోధన తేల్చింది. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవారిపై చేసి, 1994లో వెల్లడించిన పరిశోధనలో ఈ మాత్ర ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను తగ్గించలేదు. పైగా మెదడులో రక్తస్రావంతో చనిపోయినవారు మాత్ర వేసుకున్నవారిలోనే ఎక్కువ.

ఆఖరికి, "మానడం కష్టం, మింగడం సులువు" అంటాడు. ఆయన వాదనలన్నింటిలో నిజం అదొక్కటే. అయితే వేయించిన వేరుశనగపప్పు గుప్పెడు, పొద్దుతిరుగుడు గింజలు, నూనె తాలింపు పడిన తోటకూర పప్పు కూడా సులువుగానే దిగుతాయి. సిగరెట్ మాని ఇవి తింటే ఆయనకు మాత్రతో పనిలేదు. మానకపోతే మాత్ర ఆయన్ని కాపాడలేదు. ఎటు చూసినా దండగయ్యేది మందుల షాపులో పోసిన డబ్బే.