కొలతలు దండగ: బీఎంఎక్స్ సైకిల్ కొనేవారికి సలహాలు

అంగుళంలో పావు వంతు, కోణంలో ఒక డిగ్రీ. ఇంత చిన్న తేడాల కోసం కుర్రాళ్లు కొలతల పట్టిక ముందేసుకుని తల బద్దలు కొట్టుకుంటున్నారు. కింది సలహాలు పాటిస్తే ఆ బాధ ఉండదు.

1. టాప్ ట్యూబ్ (సీటు వైపు నుంచి హ్యాండిల్ వైపు పోయే పై గొట్టం) పొడవును రంగు చూసి నిర్ణయించండి. చక్రాలు ఎలాగూ 20 అంగుళాలే, మీ ఎత్తుతో పనేముంది? ఆరడుగుల మనిషి 20 అంగుళాల టాప్ ట్యూబ్ కొంటే మోకాళ్లు హ్యాండిల్‌బార్‌కు తగులుతాయి. మోకాళ్లు రెండున్నాయి కదా, సర్దుకుంటాయి.

2. హెడ్ ట్యూబ్ (ముందు ఫోర్క్ తిరిగే గొట్టం) ఎంత నిటారుగా ఉంటే అంత గొప్పని నమ్మండి. ఆ ట్యూబ్ గీతను నేలదాకా పొడిగిస్తే, టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. ఆ దూరాన్ని ట్రెయిల్ అంటారు. చక్రం తిన్నగా పోవడానికి అది తోడ్పడుతుంది. కోణం నిటారైన కొద్దీ ట్రెయిల్ తగ్గి, హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. 75.5 డిగ్రీల ఫ్రేమ్ స్ట్రీట్ విన్యాసాలకు వరం. మీరు మాత్రం దాన్ని పెద్ద మట్టి జంపుల మీదికే తీసుకెళ్లండి. పక్కవాడు 74 డిగ్రీలతో కుదురుగా దిగుతుంటే, మీ హ్యాండిల్ ఎందుకు వణుకుతోందో అతన్ని మాత్రం అడగకండి.

3. చైన్‌స్టే (పెడళ్ల దగ్గర నుంచి వెనక ఇరుసు దాకా పోయే గొట్టం) పొట్టిదే కొనండి. 13 అంగుళాలైతే వెనక చక్రం కాళ్ల కిందికొస్తుంది, ముందు చక్రం ఇట్టే లేస్తుంది. మాన్యువల్ (తొక్కకుండా వెనక చక్రం మీదే పోవడం) తేలిక, బన్నీ హాప్ (సైకిల్‌తో సహా గెంతడం) తేలిక, వెల్లకిలా పడటం మరీ తేలిక.

4. అదే ఫ్రేమ్‌తో రేసుకూ వెళ్లండి. రేసు ఫ్రేములకు వెనక భాగం పొడుగు. గేటు పడగానే బలంగా తొక్కినా ముందు చక్రం నేల వదలకూడదని రేసర్ల తాపత్రయం. మీరు గాల్లో చక్రంతో బయల్దేరండి, జనం మిమ్మల్నే చూస్తారు. ఒలింపిక్స్‌లో 2008లో రేసు, టోక్యోలో ఫ్రీస్టైల్ (విన్యాసాల పోటీ) విడివిడిగా వచ్చాయంటే, అది నిర్వాహకుల చాదస్తం.

5. చైన్ బిగించేటప్పుడు వెనక ఇరుసు స్లాట్‌లో ఎక్కడ ఆగినా పట్టించుకోకండి. వెనక్కి జరిగితే పొట్టి ఫ్రేమ్ కాస్తా పొడుగవుతుంది. ఒకే ధరకు రెండు సైకిళ్లు!

6. టోక్యోలో ఫ్రీస్టైల్ స్వర్ణం గెలిచిన లోగన్ మార్టిన్ సైకిల్ కొలతలే కొనండి. మీ ఒళ్లు, మీరు తొక్కే చోటు తర్వాత మారతాయిలెండి.

7. అన్నిటికన్నా ముఖ్యం: కొనేముందు తెలిసినవాళ్ల దగ్గర రెండు మూడు సైకిళ్లు అడిగి తొక్కి చూడకండి. ఆ పావు అంగుళం సంగతి మీ ఒంటికే తెలిసిపోతే, మా సలహాలు ఎవరికి అమ్ముకోవాలి?